మగ్గము దిగిన చేతులకు ఓడపని

(కుంఠా నాకాలో జరిగిన మన వారపు సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ బల్లమీద నేను తెచ్చి పెట్టిన వస్తువును చూచి మీలో కొందఱు నవ్వుచున్నారు. నవ్వుడు, నాకు కోపము లేదు. సముద్రమునకు ఇంత దూరమున, వేసవి వచ్చినచో కుళాయినీటికే ఎదురుచూచు షోలాపురములో, పని మానిన సాలెవాడొకడు కొయ్య ఓడలు చేయుచు కూర్చుండుట వింతగానే యుండును. “ఈ వయసున నీకు బొమ్మలాటయా?” అని మా వీధి పెద్ద యొకరు అడుగనే అడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకే ఈ సాయంకాలము మీ యెదుట నిలిచితిని.

మన పూర్వులు తెలంగాణము విడిచి నూలుపని వెదకికొనుచు ఈ ఊరికి వచ్చిరి. 1877లో ఇచ్చట మొదటి నూలుమిల్లు వెలసినది. దాని వెనుక మఱికొన్ని వెలసినవి. ఆ పెద్దమిల్లులు ఒకదాని తరువాత ఒకటి మూతపడినవి. చేమగ్గముల స్థానమున మరమగ్గములు వచ్చినవి. ఇవన్నియు మీరెఱిగినవే. నేను చెప్పదలచినది అంతకంటె చిన్న సంగతి. మగ్గము దిగిన మఱునాడు మనిషి చేతులు ఏమి చేయవలెను? నలువది ఏండ్లు తెగిన పోగును చూడకయే ముడివేసిన వ్రేళ్లు ఒక్క దినములో ఊరకుండుట నేర్వవు. నా చేతులు దుప్పటి అంచును రాత్రులందు నిమురుచు ఉండెడివని మా ఇంటివారు చెప్పుదురు. నాకా మేర తెలియదు. తెల్లవారగనే నాకావద్ద నిలిచి, మధ్యాహ్నము దాక నిలిచి, ఇంటికి వచ్చి భుజించి మరల అచ్చటనే నిలుచు మనవారిని లెక్కపెట్టినచో నా మాట ఎంత నిజమో మీకే తోచును.

మా ఇంటి చేమగ్గమును విప్పిన దినమున కొయ్య యంతయు కట్టెల అడితికి తూకమునకు పోయినది. బండి కదలునప్పుడు నాకేమి తోచినదో గాని, ఒక టేకు అడ్డకొయ్యను, రెండు పాత నాడెలను దించుకొంటిని. ఏడాది కాలము అవి మంచము క్రింద పడియుండెను. ఒకనాడు మా మనుమడు నాడెను తీసి నీళ్ల గంగాళములో వేసి, “తాతా, ఇది పడవా?” అని అడిగెను. పని అచ్చట మొదలయ్యెను.

వాని ప్రశ్న తప్పు కాదు. నాడెను చేతిలోనికి తీసికొని చూడుడు. రెండు కొనలు మొనదేలి, నడుమ తొట్టివలె తొలిచిన ఆ కొయ్య పడవ గాక మఱేమి? ఫ్రెంచివారు నాడెను ‘నావెత్’ అందురు. అది చిన్న నావ అను మాటనుండి పుట్టినది. జర్మనులు దానిని సాలెవాని చిట్టి ఓడ అనియే పిలిచెదరు. ఈ రెండు పనుల పొత్తు మిక్కిలి పురాతనము. ఈజిప్టు దేశమున మెకెత్రే అను రాజోద్యోగి సమాధిలో 1920లో కొయ్య నమూనాలు బయల్పడినవి. అవి సుమారు నాలుగువేల ఏండ్ల నాటివి. వానిలో పడవలు పెక్కు కలవు. ఆ పడవలతోపాటు, దారము తీసి బట్ట నేయు స్త్రీలతో ఒక నేతశాల నమూనా కూడ కలదు.

“మనకు సముద్రముతో ఏమి పని?” అనువారికి ఇంకొక మాట. శాతవాహన రాజగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు స్తంభముల ఓడ ముద్రింపబడియున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులవలె లాగికొననని, న్యాయమైన సుంకము మాత్రమే గ్రహింతునని వర్తకులకు అభయమిచ్చెను. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి ఒకనాడు కొయ్య ఓడల నిర్మాణమునకు పేరుపడిన రేవు. 1789లోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు దానిని ధ్వంసము చేసినవి. ఊరు చితికినను పేరు చావలేదు: బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు ‘కొరంగీలు’ అనియే పిలిచిరి. పుట్టిన ఊరు ఏదైనను ఓడ ఎక్కిన రేవే ఇంటిపేరైనది. రైలుబండి ఎక్కియో, కాలినడకనో వచ్చిన మనకు అట్టి పేరు రాలేదు గాని, వారి సంగతి మనకు సులభముగా అర్థమగును.

ఇక షోలాపురము మాట. విశాఖపట్టణమున ఓడల నిర్మాణశాలను నెలకొల్పిన వాల్‌చంద్ హీరాచంద్ ఎచ్చట జన్మించెనో మీలో ఎందఱకు తెలియును? 1882లో, ఈ ఊరిలోనే. ఆయన పూనికతో నడచిన సింధియా కంపెనీ ఓడ ‘లాయల్టీ’ 1919 ఏప్రిలు 5వ తేదీన బొంబాయినుండి లండనునకు బయలుదేరినది. విశాఖలో నిర్మాణశాలకు 1941 జూన్ 21వ తేదీన డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి. అచ్చట నిర్మింపబడిన ‘జలఉష’ను 1948 మార్చి 14వ తేదీన నెహ్రూ పండితుడు నీట దింపెను. అది ఉక్కు ఓడ. నా చేతి పని కొయ్యపని. అయినను, షోలాపురమువాడు తెలుగు తీరమున ఓడ కట్టవచ్చునేని తెలుగువాడు షోలాపురమున ఓడ కట్టుటలో తప్పేమి?

పనిలోనికి వత్తము. మొదట చేయదగినది మసూలా పడవ అని నా అభిప్రాయము. మన తూర్పుతీరమున అలలను దాటి సరకును, జనులను ఒడ్డునకు చేర్చిన పడవ అది. దానిలో ఇనుపమేకు ఒక్కటియు ఉండదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, అతుకుల వెంట గడ్డి ఒత్తు వేయుదురు. కుట్టుపడవ అలకు వంగును, విఱుగదు. ముప్పది అడుగుల పడవను అడుగునకు అర అంగుళము చొప్పున చేసినచో పదునైదు అంగుళములగును. మన పీటమీద సరిపోవును. మెత్తని కొయ్యతో పడవ ఆకారమున ఒక అచ్చు చెక్కి, దానిపై మైనపు కాగితము చుట్టి, వేడినీట నానిన పలుచని పలకలను వంచి కట్టి ఆరనిచ్చి, సన్నని రంధ్రములు వేసి కుట్టవలెను. కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి దొరకినచో అంతకంటె మేలైన కొయ్య లేదు. అచ్చటివారు రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి అతుకులకు వాడుదురు. చింతగింజల గంజి పడుగునకు పట్టించిన మనకు అది క్రొత్త సంగతి కాదు.

రెండవది వెన్నుకొయ్య, ప్రక్కటెముకలు గల ఓడ. ఇచ్చట నా అవివేకము చెప్పుకొనవలయును. ప్లైవుడ్డుతో ఎముకలు కోసి వెన్నున నిలిపితిని. పిదప ఉత్సాహము పట్టలేక ఎడమప్రక్క పలకలన్నియు ముందుగా అంటించి, కుడిప్రక్క మఱునాటికి విడిచితిని. తెల్లవారునప్పటికి ఓడ అరటికాయవలె వంగియుండెను! తడిసిన పలకలు ఆరుచు ముడుచుకొని వెన్నును తమవైపు లాగినవి. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు ఉన్న పడుగుపై బట్ట ఎట్లు వచ్చునో నలువది ఏండ్లు చూచినవాడను. కొయ్య దగ్గఱ ఆ బుద్ధి రాలేదు. ఎడమ నొకటి, కుడి నొకటి చొప్పున అంటించుచు పోవలెను. మూడు నెలల పని పొయ్యిలోనికి పోయినది. బట్టలారవేయు క్లిప్పులు పట్టుకొఱ్ఱులుగా చక్కగా పనికివచ్చునని మాత్రము ఆ మూడు నెలలలో నేర్చితిని.

ఓడకు స్తంభము నిలిపిన తరువాత వచ్చునది మన రాజ్యము, అంతయు నూలే. స్తంభమును నలుదిక్కుల పట్టియుంచు త్రాళ్లు కదలనివి. అవి లావు, తారు పూసినవగుటచే నల్లన. తెరచాపను ఎత్తి దింపు త్రాళ్లు కదలునవి. సన్నము, పీచు రంగు. అడుగునకు పావు అంగుళము కొలతలో రెండంగుళముల మోకు ఒక మిల్లీమీటరు దారమగును. అంగడి దారము వాడకుడు. రాట్నపు కదురుతో మనమే పేనవచ్చును: ఒక్కొక్క పోగునకు దాని పురిదిక్కుననే మఱింత పురి ఎక్కించి, మూడింటిని కలిపి ఎదురుదిక్కున త్రిప్పినచో విడిపోని త్రాడగును. తేనెమైనముమీద లాగినచో నూగు అణగిపోవును. బిగువు విషయమున ఎవ్వరును మనకు నేర్పవలసినది లేదు.

ముడులు మాత్రము నాకు రాలేదు. కనుచూపు తగ్గినది, పట్టుకారుతో గంటకు నాలుగు ముడులు వేసి విసిగియుంటిని. మా గృహిణి వచ్చి, “ఇటు ఇయ్యుండి” అని తీసికొని, బీడీకి దారము చుట్టునట్లు టక్కున చుట్టి చూపెను. ఆమె చేతినుండి గంటకు అఱువది వచ్చినవి. నిచ్చెనవలె కనబడు ఆ త్రాళ్లమీది అడ్డుముడులన్నియు ఆమెవే. నావని చెప్పుకొనుట అన్యాయము. మన ఇండ్లలో బీడీలు చుట్టిన తల్లులు ఎందఱో కలరు. ఈ వినోదమును మగవారి సొత్తుగా ఎంచవలదని మనవి.

తెరచాపకు ముతకబట్ట వాడినచో గోనెసంచివలె కనబడును; సన్ననూలు మల్లు తీసికొని టీ కషాయములో ముంచి ఆరవేయవలెను.

ఒక హెచ్చరికను మాత్రము గట్టిగా చెప్పెదను. మనలో పెక్కుమంది ఊపిరితిత్తులు నూలుదుమ్మును ఇదివఱకే చాలినంత మ్రింగినవి. సెలవు గడచి పనికి పోయిన మొదటిదినమున రొమ్ము పట్టివేయు ఆ వ్యాధిని ఎఱిగినవారు ఈ సభలోనే కలరు. కొయ్యను గరుకుకాగితముతో రుద్దునప్పుడు లేచు పొడి అంతకంటె మేలైనది కాదు. ముక్కునకు మంచి మాస్కు కట్టి, ఆరుబయట కూర్చుండి రుద్దుడు. పొడిని తడిగుడ్డతో తుడువుడు, చీపురుతో లేపవలదు. దగ్గు ఉన్నవారు రుద్దుపనిని మనుమలకు ఒప్పగించి నూలుపని తాము ఉంచుకొనుడు.

ఖర్చు గూర్చి అడుగుదురు. పెట్టెలో వచ్చు విదేశపు సామగ్రి వేల రూపాయల వెల, దానిజోలికి పోవలదు. నెపోలియను యుద్ధములలో ఇంగ్లండునందు చెరపడిన ఫ్రెంచి సైనికులు భోజనమున మిగిలిన ఎముకలతోనే ఓడలు చేసి అమ్ముకొనిరి. మనకు ఎముకలతో పనిలేదు. విఱిగిన నాడెలు, పాతకండెలు, ప్లైవుడ్డు తునకలు, ఒక సన్నరంపము, జిగురుసీసా చాలును.

మా వీధి పెద్దగారు నేడు ముందువరుసలోనే ఉన్నారు. పోయిన నెలలో ఒక ఉదయము ఆయన మా అరుగుమీద కూర్చుండి, ఏమియు మాటాడక, నా చేతిలోని త్రాడును తీసికొని, “ఇది వదులుగా ఉన్నది” అని బిగించి ఇచ్చిరి. మఱునాడును వచ్చిరి. ఆనాటినుండి నాకావద్ద ఒక మనిషి తక్కువ.

ఈ ఓడ వెన్నుకొయ్య మా మగ్గపు టేకు అడ్డకొయ్యయే. సభ ముగిసిన పిదప దగ్గఱకు వచ్చి చూడుడు, చేతబట్టి చూడుడు. కుడిప్రక్క పైనుండి మూడవ పలకను మాత్రము అదుమకుడు. జిగురు ఇంకను ఆరలేదు.