సెలవులు బడికే, ప్రార్థనకు కాదు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఎండలు ముదిరాయంటే పిల్లలు అమ్మమ్మగారింటికి బయలుదేరతారు. బడితోపాటు సత్యోపదేశమూ ఆగిపోతుంది. ఆ ఊళ్లో చర్చి ఉండకపోవచ్చు. జూన్‌లో తిరిగొచ్చి, సిలువ గుర్తు కూడా తడబడుతూ వేసుకుంటే తప్పు పిల్లలదా? మనదేనండీ!

కుటుంబం ఇంటి శ్రీసభ అనీ, బిడ్డలకు తొలి బోధకులు తల్లిదండ్రులేననీ 1964లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. మన వైపు చాలా ఇళ్లల్లో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. ఆ బాధ్యతంతా తల్లిదే. సాంచాల చప్పుడులో, బీడీల చాట ముందు తీరికెక్కడిది అంటారా?

మే నెల మరియమాతది, జూన్ తిరుహృదయానిది. రాత్రి డాబా మీద పక్కలు పరిచాక జపమాలలో పది పూసలు చాలు: ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. ఐదు నిమిషాల పని! పెద్దవాడు మొదలుపెడితే చిన్నది అందుకుంటుంది. ఫోన్‌లో నాన్న కూడా గొంతు కలుపుతాడు.

పిల్లల్ని ఊరికి పంపేటప్పుడు బట్టల సంచిలో జపమాల మరచిపోకండి. ఇంట్లో ఉన్న పిల్లల చేత, దాహంతో వాకిట్లోకి వచ్చినవారికి చెంబెడు చల్లని నీళ్లు ఇప్పించండి. క్రీస్తు శిష్యరికం అక్కడే మొదలవుతుంది.