మామ నంబర్ నుంచే వచ్చింది... అయినా ఓపెన్ చేయకండి! ఏపీకే ఫైల్ మోసం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి చూస్తున్న మన వాళ్ళందరి కోసం ఈ ఎపిసోడ్. టాపిక్ ఏంటంటే ఫోన్ హ్యాకింగ్. హ్యాకర్ అనగానే సినిమాల్లో చూపించినట్టు చీకటి గది, స్క్రీన్ నిండా పచ్చ అక్షరాలు గుర్తొస్తాయి కదా. ఈరోజు నేను చెప్పేదాంట్లో అవేవీ ఉండవు. వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. మనమే నొక్కుతాం, మనమే పర్మిషన్ ఇస్తాం. అంతే, ఫోన్ వాడి చేతిలో ఉంటుంది.

ఆ ఫైల్ పేరు చివర డాట్ ఏపీకే అని ఉంటుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్, ప్లే స్టోర్ బయట నుంచి వచ్చేది. పేర్లు మాత్రం మనకి తెలిసినవే పెడతారు: ఆర్టీఓ చలాన్, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక. ఎందుకు ఇవే? మన ఏరియా చూడండి. సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాద్–విజయవాడ హైవే పోతుంది, బండి ఉన్న ప్రతి ఒక్కరికీ చలాన్ భయమే. ఇటు మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద అంతా వరి. ఏడాదికి 6000 పీఎం కిసాన్ డబ్బులు, 2000 చొప్పున మూడు సార్లు, పడ్డాయా లేదా అని ఎదురుచూసే ఇళ్ళు ఎన్నో. మనం దేనికోసం ఎదురుచూస్తున్నామో వాడు అదే పేరుతో వస్తాడు. 2023 డిసెంబర్ చివర్లో మన రాష్ట్రంలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు గుర్తుందా, బైకులకి 80 శాతం? అప్పుడు కూడా అచ్చం పోలీసు వెబ్‌సైట్‌లాగే నకిలీది పెట్టారు. పోలీసులే హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది.

సరే, నొక్కితే ఏమవుతుంది? ముందు ఇన్‌స్టాల్ అడుగుతుంది. ఇక్కడే ఆగి ఒక్క సెకను ఆలోచించండి. పెళ్లి కార్డు ఫొటో అయినా, పీడీఎఫ్ అయినా ఊరికే ఓపెన్ అవుతుంది. ఇన్‌స్టాల్ చెయ్యమని అడిగే పెళ్లి కార్డు ప్రపంచంలో ఎక్కడా లేదు! తర్వాత ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుతుంది. అలౌ అన్నారంటే మీకు వచ్చే ప్రతి ఓటీపీ వాడికి కూడా పోతుంది. కొన్నిట్లో లోపల ఒక ఫారం ఉంటుంది, కార్డు నంబర్ కొట్టండి, ఒక్క రూపాయి కట్టండి అని. ఆ రూపాయి కోసం కాదు, మీ యూపీఐ పిన్ కోసం. ఇంకొన్ని ఇన్‌స్టాల్ అయ్యాక ఐకాన్ మాయం చేస్తాయి. మనమేమో 'ఓపెన్ అవ్వట్లేదు, పోనీలే' అనుకుని ఫోన్ జేబులో పెట్టేస్తాం.

అసలు డేంజర్ ఏంటంటే, ఎస్ఎంఎస్ చదవగలిగితే వాట్సాప్ కోడ్ కూడా వాడికి దొరుకుతుంది. మీ వాట్సాప్‌ని వాడి ఫోన్‌లో తెరిచి, అదే ఫైల్ మీ ఫ్యామిలీ గ్రూపులో, క్లాస్ గ్రూపులో, ఊరి గ్రూపులో పడేస్తాడు. అందుకే అది మీకు మేనమామ నంబర్ నుంచే వస్తుంది. ఆయన పంపలేదు, పాపం ఆయనకి తెలియను కూడా తెలియదు. 'తెలియని నంబర్ నుంచి వస్తే ఓపెన్ చేయకు' అని అందరూ చెప్తారు, నేనూ చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ సలహా సరిపోదు. ఎవరు పంపారని కాదు, ఏం పంపారో చూడండి. డౌట్ ఉంటే మామకి ఒక కాల్ చేసి అడగండి.

ఇప్పుడు ఫోన్ తీయండి, నాతో పాటే చేయండి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని సెర్చ్ కొట్టండి. లిస్టులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నీ ఆఫ్‌లో ఉండాలి. తర్వాత వాట్సాప్ సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి పిన్ పెట్టండి. ఎస్ఎంఎస్ కోడ్ దొరికినా ఆ పిన్ లేకుండా వాడు వెంటనే మీ వాట్సాప్‌లోకి రాలేడు. ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమని ఎవరైనా చెప్తే మాత్రం, వాడే దొంగ.

ఇప్పటికే నొక్కేశారా? సిగ్గుపడి దాచొద్దు, ఇంట్లో తిడతారని అస్సలు దాచొద్దు. వెంటనే డేటా, వైఫై ఆపేయండి. సిమ్ తీసి ఒక కీప్యాడ్ ఫోన్‌లో వేయండి, ఇక ఓటీపీలు ఆ యాప్‌కి అందవు. వేరే ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి, బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డు బ్లాక్ చేయించండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి నిమిషాల్లో మారిపోతుంది, మధ్యలో ఎక్కడైనా ఆపాలంటే మీ కంప్లైంట్ దానికంటే ముందు చేరాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా పెట్టొచ్చు, కానీ డబ్బు పోయినప్పుడు ముందు 1930. బ్యాంకు నంబర్ కోసం గూగుల్‌లో వెతక్కండి, అక్కడ ఇంకో దొంగ కూర్చుని ఉంటాడు. పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో ఉంటుంది చూడండి. ఆ ఫోన్‌ని ఫొటోలు వరకు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేయండి.

ఇంకొక్క మాట. ఈ వీడియో చూసేది మీరు, కానీ వడ్లు అమ్మిన డబ్బులు పడేది నాన్న అకౌంట్‌లో. ఆ ఫోన్ సెట్ చేసి ఇచ్చింది ఎవరు? మీరే కదా. సో ఇప్పుడు చెప్పిన రెండు సెట్టింగులు ఈ రాత్రే నాన్న ఫోన్‌లో పెట్టేయండి. 1930 నంబర్ అమ్మ ఫోన్‌లో కూడా సేవ్ చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్ పోతే సీఈఐఆర్‌లో ఎలా బ్లాక్ చేయాలో చూపిస్తాను. డబ్బా మీదున్న ఐఎంఈఐ నంబర్ ఈలోపు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఉంటాను ఫ్రెండ్స్.