మూత్రపిండము ఎప్పుడు తీయించవలె?
(షోలాపురము తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగనాడు రోగముల మాట యేమిటని కొందరనవచ్చును. పచ్చడిలో వేపపువ్వు ఉన్నది కదా! మేము వైద్యులము కాము. మా అన్నగారి జబ్బువల్ల తెలిసినది చెప్పుచున్నాము.

వారికి ఎడమ మూత్రపిండములో కాన్సరు. కనుగొనునప్పటికే ఊపిరితిత్తులకు పాకినది. "ముందు కిడ్నీ తీసివేయండి డాక్టరుగారూ" అని మేమే పట్టుబట్టినాము. మూలము నరికితే కొమ్మలు వాడునని మా లెక్క. పూర్వము వైద్యులలోను చాలమందిది అదే పద్ధతి. అయితే 2018లో ఫలితములు వెలువడిన కార్మెనా పరీక్షలో, 450 మంది రోగులను చూడగా, ముందు కిడ్నీ తీయించుకొని సునిటినిబ్ వాడినవారికన్న ఆ మందు మాత్రమే వాడినవారు తక్కువకాలమేమీ బ్రతకలేదు.

మా అన్నగారికి ఇమ్యునోథెరపీ ఇచ్చినారు. శరీరములోని రక్షకకణములకు ఒక కళ్లెమున్నది. కాన్సరు దానిని బిగబట్టి తప్పించుకొనును. ఆ కళ్లెమును వదలించు మందులివి. ఈ సూత్రము కనిపెట్టిన ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చినది. ఖరీదు సంగతి అడగవద్దు. వదినగారి గొలుసు, మా మగ్గముల షెడ్డు రెండును పోయినవి.

పదునాలుగు నెలలకు ఊపిరితిత్తులలోని మచ్చలు కరగి ఒక్కటి మిగిలినది. కిడ్నీ గడ్డయు కుదించుకొన్నది. అప్పుడు సర్జనుగారు కోత మాట ఎత్తినారు. తగ్గుచుండగా కోత యెందుకు? "మిగిలినది కొద్ది. అది తీసివేస్తే మందు ఆపి చూడవచ్చును" అన్నారు. కష్టమును దాచలేదు. ఈ మందుల తరువాత గడ్డ చుట్టుప్రక్కల అవయవములకు అతుకుకొని, పొరలు విడదీయుట కష్టమగునట. అడ్రినల్ గ్రంథి మందగించియుంటే కోత సమయములో రక్తపోటు పడిపోవును గనుక, ముందే రక్తపరీక్ష చేయించినారు. ఊపిరితిత్తిలోని నీడ కాన్సరో, మానిన పుండు మచ్చయో స్కాను రూఢిగా చెప్పలేదట, తీసి చూడవలసినదే.

ఊపిరితిత్తి కోత కొత్తది కాదు. బోస్టనులో బార్నీ, చర్చిల్ అను వైద్యులు 1930 ప్రాంతముల ఒకామెకు కిడ్నీని, ఊపిరితిత్తిలో ఒక భాగమును తీసి, 1939లో ఆ సంగతి ప్రకటించినారు. ఆమె ఇరవై యేండ్లకు పైగా జీవించి గుండెజబ్బుతో పోయినది. అందరికీ అట్లు జరుగునని కాదు.

"ఒక్క కిడ్నీతో గడుచునా?" అన్నారు అన్నగారు. రెండవది బాగున్నది, చాలునన్నారు.

తీసిన కిడ్నీలో బ్రతికియున్న కాన్సరు కొంచెమే. ఊపిరితిత్తి ముక్కలో అసలు లేదు, అంతా మచ్చయే. "అయితే దానిని ఊరకే కోయించితిమా?" అని వదినగారు కంట నీరు పెట్టుకొన్నారు. ఊరకే కాదనియే మా అభిప్రాయము. ఆ రాత్రి మా యింట అందరమును నిద్రపోయినాము.

వచ్చే నెల మరల స్కాను ఉన్నది. అన్నగారు మూడవ వరుసలో కూర్చుండి, ఇక చాలునని సైగ చేయుచున్నారు.