తప్తపాణికి రైలు దారి

వాననీరు రాతి పగుళ్ల గుండా భూగర్భంలోకి ఇంకి, అక్కడి వేడికి కాగి, వేరొక పగులు వెంట మళ్లీ పైకి ఉబికే చోటును వేడినీటి ఊట అంటారు. విశాఖపట్నం జాలరిపేట శ్రోతలు రైలెక్కి ఒక పగటిలో చేరుకోదగిన అటువంటి ఊట ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన, తూర్పు కనుమల అడవిలో ఉన్న తప్తపాణి. తెలుగులో పాణి అంటే చేయి కాబట్టి ఆ పేరు వింతగా తోచవచ్చు గాని, ఒడియాలో పాణి అంటే నీరు. తప్తపాణి అంటే కాగిన నీరు.

కొండ మీదికి రైలు లేదు; హౌరా మార్గంలో సుమారు 280 కిలోమీటర్లు వెళ్లి బరంపురంలో దిగాలి. ఎక్స్‌ప్రెస్ బండికి నాలుగైదు గంటలు పట్టే ఈ ప్రయాణంలో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నవారికి, ఆకాశం తేటగా ఉంటే, పలాస దాటాక 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి కనిపిస్తుంది. బరంపురం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి పుట్టిన ఊరు. నేటికీ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నందువల్ల బజారులో భాష కోసం ఇబ్బంది పడవలసిన పని ఉండదు. అక్కడి నుంచి దిగపహండి మీదుగా మోహన వైపు వెళ్లే బస్సు గాని, మాట్లాడుకున్న కారు గాని ఎక్కాలి. తిరుగు బస్సు ఎన్నింటికో దిగిన వెంటనే అడిగి ఉంచుకోవడం మంచిది.

ఈ ఊటకు అగ్నిపర్వతంతో సంబంధం లేదు. భూమిలోకి వెళ్లేకొద్దీ వేడి సాధారణంగా కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరుగుతుంది కనుక, ఎంత లోతుకు ఇంకిన నీరు అంత కాగి వస్తుంది. దారిలో కలిసే గంధకపు వాయువు వల్ల కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఆ వాయువే వెండిని నల్లబరుస్తుంది కాబట్టి, కాలి పట్టీలు, మొలతాడు ముందే తీసి దాచుకోవాలి. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాతికి ఖొండలైట్ అని పేరు. ఇక్కడ నివసించే కంధులనే ఆదివాసుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది. విశాఖలోని కైలాసగిరి రాయీ అదే. తప్తపాణి ఊట ఒడ్డున వెలసిన దేవత పేరు కూడా కంధుణి దేవి. రాతికీ దేవతకూ ఒకే జాతి పేరు నిలిచిన చోటికి వెళ్లేవారు, ఆ జాతి ఇంటికి వచ్చిన చుట్టాల్లా మెలగడం ధర్మం.

అందుకే ఊట పుట్టే కుండంలో దిగకూడదు. సంతానం కోరే స్త్రీలు ఆ కుండం అడుగు బురదలో చెయ్యిపెట్టి, వేళ్లకు తగిలిన గింజకాయను దేవి ప్రసాదంగా తీసుకునే ఆచారం ఉంది. ఆ సమయంలో ఫోన్లెత్తి ఫోటోలు తీయడం ఎంతమాత్రం తగదు. స్నానానికి ఊట నీరు మళ్లించిన కొలను వేరుగా ఉంది. ఒడిశా పర్యాటకాభివృద్ధి సంస్థ వారి పంథనివాస్ అతిథిగృహంలో ఆ నీటిని గొట్టాల ద్వారా స్నానపు తొట్లకు అందిస్తారు.

వల లాగి లాగి భుజాలు, నడుము పట్టేసినవారికి వేడినీరు కండరాలను సడలించి హాయినిస్తుంది. ఆ హాయి నిజమే. అయితే చర్మరోగాలు పోతాయన్న నమ్మకంతో డాక్టరు ఇచ్చిన మందులు మానకూడదు. గాలం గుచ్చుకున్న గాయం, తాడు కోసిన కోత మానకుండా నీటిలో దిగకూడదు. గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడగకుండా దిగరాదు. మిగిలినవారికి పది, పదిహేను నిమిషాలు చాలు. తల ముంచకూడదు, ముక్కులోకి నీరు పోనీయకూడదు. వెచ్చని మంచినీటిలో పెరిగే ఒక అమీబా ముక్కు గుండా మెదడుకు చేరితే ప్రాణం దక్కడం చాలా అరుదు.

వేట నిషేధం అమలయ్యే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు జాలరి కుటుంబాలకు తీరిక దొరికినా, ఆ ఎండల్లో వేడినీటి స్నానం ఒంటికి పడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొండగాలి చల్లగా ఉన్నప్పుడు, సముద్రం పోటెత్తి తెప్పలు ఒడ్డునే ఉన్న రెండు రోజులు చూసుకుని బయలుదేరవచ్చు.