వైద్యసేవకుల రక్షణము
(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పౌరుల నుద్దేశించిన ఉపన్యాసము)



ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి గాని, జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రికి గాని, పులివెందుల ప్రభుత్వాసుపత్రికి గాని పోయిన రోగి వైద్యుని చూచును, నర్సును చూచును. వాడిన సూదులను ఏరి, నెత్తుటి గుడ్డలను మోసికొనిపోవు పారిశుద్ధ్య కార్మికురాలు వాని కంటబడదు. అంటువ్యాధికి మాత్రము ఈ మువ్వురును సమానమే.

1897లో ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు సావిత్రీబాయి ఫూలే ఆ వ్యాధికే బలియైరి. 2018లో కేరళమున లినీ అను నర్సు నిపా రోగికి సేవచేసి ప్రాణము గోల్పోయినది. వారిని త్యాగమూర్తులని కొనియాడుట ఉచితమే. కాని నివారింపదగిన మరణమునకు సైతము త్యాగమని పేరుపెట్టి ఊరకుండుట న్యాయమగునా?

ఇక చట్టముల మాట. 1897లోనే ఆంగ్లప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును గావించెను. అది ప్రభుత్వమునకు విశేషాధికారముల నిచ్చెను. సద్బుద్ధితో పనిచేసినవారిపై వ్యాజ్యము కూడదనెను. రోగిని తాకు చేతికి వ్యాధి సోకకుండ అందేమియు లేదు. 2020లో దానిని సవరించి, వైద్యసేవకులపై హింసకు 3 నెలలు మొదలు 5 సంవత్సరముల వరకు, తీవ్రగాయమునకు 6 నెలలు మొదలు 7 సంవత్సరముల వరకు శిక్ష విధించిరి. మంచిదే. కఱ్ఱదెబ్బకు శిక్ష ఏర్పడినది. మఱి సూదిపోటు మాటయేమి?

టీకా పొందనివానికి, హెపటైటిస్-బి రోగి రక్తమంటిన సూది గ్రుచ్చుకొన్నచో, నూటికి 30 వంతుల వరకు వ్యాధి సోకవచ్చును. హెచ్.ఐ.వి. విషయమున అది వేయింటికి 3 వంతులు. మొదటిదానికి టీకా కలదు. రెండవదానికి 72 గంటలలోపల మొదలుపెట్టవలసిన మందులు కలవు.

ఈ విషయమున నియమములు లేకపోలేదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిబంధనలు ఆసుపత్రి సిబ్బందికి, వ్యర్థములను ముట్టు ఇతరులకును హెపటైటిస్-బి, ధనుర్వాతముల టీకాలు వేయవలెననుచున్నవి. 'ఇతరులు' అనుటలో గుత్తేదారు పంపిన కూలివారును చేరుదురు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము 19వ సెక్షను శిక్షణమును, రక్షణ సాధనములను, సోకినపిమ్మట ఈయవలసిన మందులను యజమాని బాధ్యతగా జేసినది. వైద్యసేవలో సోకిన వ్యాధిని వృత్తివ్యాధిగా నెంచి పరిహారమిచ్చు నియమమును కలదు. కాని సూది గ్రుచ్చుకొన్ననాడే పుస్తకమున వ్రాయనిచో, పిమ్మట న్యాయస్థానమున వ్యాధి పనివలననే వచ్చెనని నిలబెట్టుట కష్టము.

ఈ నియమములు వేర్వేరు చట్టములందు చెదరియున్నవి. ఆ కార్మికురాలికి ఒక్కటియు తెలియదు. అమెరికాలో 1991లో రక్తమువలన సోకు వ్యాధులనుగూర్చి నిబంధనలు చేసిరి. 2000లో మఱియొక చట్టము చేసి, సురక్షితమైన సూదుల నెన్నుకొనునపుడు వానిని వాడు సిబ్బంది అభిప్రాయమును గైకొనవలెననిరి. సూదిపోట్ల పట్టికయు నుంచవలెననిరి. మనకును అట్టి సమగ్రమైన శాసనమొకటి కావలెను: సకల అంటువ్యాధులకును, గుత్తకూలివారితో సహా సకల సేవకులకును వర్తించునది.

అంతవరకు ఊరకుండవలసిన పనిలేదు. మీ ఊరి ఆసుపత్రి అభివృద్ధి సంఘమును మూడు ప్రశ్నలడుగుడు. ఊడ్చువారికి టీకాలు పూర్తియైనవా? రాత్రివేళ సూది గ్రుచ్చుకొన్నచో మందు ఎవరియొద్ద దొరకును? సూదిపోట్ల పుస్తకమున కడపటి పద్దు ఏనాటిది? అడుగువారు లేని చట్టము కాగితముగనే యుండును. అడుగు హక్కు మనది. ఆ సేవచే బ్రదుకుచున్నవారమును మనమే.