గురువారం సాయంత్రం వేసే పిటిషన్

పట్టా అందుకున్న యువ న్యాయవాదులకు అభినందనలు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. గెలిచినవాడి కన్నీళ్లు కోర్టు ఖర్చుల వల్లే. డిక్రీ చివరి వరసలో ‘ఖర్చులతో సహా’ అని ఉంటుంది. ఆ రెండు మాటలకు ఎంత విలువ ఉందో చూడాలంటే ఫిల్మ్‌నగర్‌కు వెళ్లండి.

సినిమా శుక్రవారం విడుదల. గురువారానికల్లా బుకింగులు తెరుచుకుంటాయి, అమెరికాలో ప్రీమియర్లు మొదలవుతాయి, ఫైనాన్షియర్ బాకీ తీరిస్తే తప్ప విడుదలకు ఒప్పుకోడు. సరిగ్గా ఆ పూటే ఇంజంక్షన్ పిటిషన్ దాఖలవుతుంది. కథ నాదనో, పాత అప్పు రావాలనో, హక్కులు ముందే నాకు అమ్మారనో అందులో రాసుంటుంది. అది నిజమా అబద్ధమా తేల్చేందుకు జడ్జి చేతిలో వ్యవధి ఉండదు. నిర్మాతకు వాయిదా కోరే ధైర్యం ఉండదు. జూబ్లీహిల్స్‌లోని ఏదో ఆఫీసులో అర్ధరాత్రి రాజీ కుదురుతుంది. టీజర్ వచ్చిన రోజే సంగతి తెలిసీ విడుదల ముందురోజు దాకా కూర్చున్నవాడు న్యాయం కోసం రాలేదు, బేరానికి వచ్చాడు.

బాంబే హైకోర్టు 2017లో ‘ఫిల్లౌరి’ సినిమా విషయంలో ఇలాగే చివరి నిమిషంలో వచ్చిన వాదికి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. మన దగ్గర ‘ఝుండ్’ కేసు ఇంకా లోతైనది. 2020లో హైదరాబాద్‌కు చెందిన ఒక నిర్మాత దావా వేసి ఆ చిత్రంపై ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. హైకోర్టు దాన్ని తొలగించలేదు, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. అంటే ఆ వాదనకు న్యాయస్థానం చెవొగ్గిందన్న మాట. తర్వాత 2022 మార్చిలో విడుదల ముంగిట ఆయనే మళ్లీ రిట్ వేస్తే తెలంగాణ హైకోర్టు కొట్టివేసి, 10 లక్షలు కరోనా సహాయ నిధికి కట్టమంది. వివాదం ఆ తర్వాతా నడిచింది. మే నెలలో సుప్రీంకోర్టు ఓటీటీ విడుదలకు దారి ఇచ్చింది. ఒకప్పుడు ఊరట పొందినవారిపైనా రెండేళ్లకు ఖర్చుల భారం పడవచ్చని ఈ కేసు చెబుతోంది.

ఒక సంగతి నన్ను కలవరపెడుతోంది. ఆ 10 లక్షలు నిధికి కట్టమన్నారు. 2025 మార్చిలో బండ్లగూడ ప్రభుత్వ భూమి విషయంలో, వాస్తవాలు దాచి పిటిషన్ వేశారని తెలంగాణ హైకోర్టు విధించిన కోటి రూపాయలు న్యాయసేవా కమిటీకి కట్టమన్నారు. 5జీపై దావా వేసిన జూహీ చావ్లాకు 2021లో ఢిల్లీ హైకోర్టు వేసిన 20 లక్షలు మరుసటి ఏడాది 2 లక్షలకు తగ్గాయి. ఇవి పత్రికల్లో పెద్ద అక్షరాలతో వస్తాయి, తప్పు చేసినవారిని భయపెడతాయి. కానీ అబద్ధపు దావాను భరించినవాడి జేబులోంచి పోయింది అతనికి తిరిగి రాదు.

చట్టం చేతులు కూడా కొంత కట్టేసి ఉన్నాయి. అబద్ధపు దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35-ఎ కింద ఇప్పించగల గరిష్ఠ పరిహారం 3,000 రూపాయలు. 1976 సవరణ పెట్టిన పరిమితి అది. సరైన ఆధారం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంటే సెక్షన్ 95 కింద 50,000 మించదు. శుక్రవారం ఆగిపోయిన సినిమాకు ఆ సొమ్ము పోస్టర్లకు కూడా సరిపోదు. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం వాణిజ్య వివాదాల్లో 35-ఎ పరిమితిని ఎత్తేసింది, ఖర్చులు నిర్ణయించేటప్పుడు కక్షిదారుల ప్రవర్తన చూడమంది. కాపీరైట్ వివాదాలు ఆ పరిధిలోకే వస్తాయి. ఈ అధికారాన్ని మన కోర్టులు ఇంకా పిసినారితనంతోనే వాడుతున్నాయని నా నమ్మకం.

అయితే భారీ ఖర్చులంటే చప్పట్లు కొట్టే ముందు కృష్ణానగర్‌లో అద్దెగదిలో ఉంటున్న అసిస్టెంట్ డైరెక్టర్‌ను తలుచుకోండి. రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చేసుకున్నాడు. ఆ కథే పెద్ద తెరపై కనిపించింది. ఓడితే పది లక్షలు కట్టాలన్న భయంతో అతను కోర్టు మెట్టెక్కకపోతే, ఖర్చుల ఉత్తర్వు దొంగకు కాపలా కాసినట్టే. ఓడిపోవడం నేరం కాదు. నిజాయితీగా పోరాడి ఓడిన పేదవాణ్నీ, కావాలని కాగితాలు దాచినవాణ్నీ ఒకే కొలతతో కొలవకూడదు. వాయిదాలతో పేదవాణ్ని అలసిపోయేలా చేసే పెద్ద సంస్థకు సెక్షన్ 35-బి ఉంది: ఆలస్యం చేసిన పక్షం ఖర్చులు చెల్లించాకే దావాను, లేదా డిఫెన్స్‌ను ముందుకు నడపాలి. పేదవాడి తరఫున నిలబడితే ఆ సెక్షన్‌ను గట్టిగా అడగండి.

మీ దగ్గరకు క్లయింట్ గురువారం వస్తే, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ముందు అడగండి. జవాబు అఫిడవిట్‌లో రాయగలిగేది కాకపోతే వకాలత్ తీసుకోకండి. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినవారికి ఫీజు వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఇంకొకటి, చాలామంది చేయనిది. 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, గెలిచినవారికి వాస్తవంగా అయిన సహేతుకమైన ఖర్చులు రావాలంది. వారు వెచ్చించిన సమయం, ప్రయాణం, బస, లాయర్ ఫీజు, టైపింగ్ కూడా అందులో లెక్కకు వస్తాయి. జడ్జి ఆ లెక్కను ఊహించి రాయలేరు. మీరు ఫీజు రసీదు, రైలు టికెట్లు, లాడ్జి బిల్లు జతచేసి ఖర్చుల మెమో దాఖలు చేయండి. ఒక్కో వాయిదాకు అనకాపల్లి నుంచో ఆదిలాబాద్ నుంచో కూలి వదులుకుని వచ్చిన సాక్షి ఉంటే, ఆ రోజు కూలి కూడా అందులో రాయండి.