కాంటాక్ట్ లెన్సు కంట్లో నలుసైతే

పక్క హాల్లో పెళ్ళి సంబంధాల పరిచయ వేదిక నడుస్తున్నా ఇటు వచ్చి కూర్చున్నందుకు మీ అందరికీ ధన్యవాదాలు.

కాంటాక్ట్ లెన్సులకి మన కన్వెన్షనును మించిన పరీక్ష ఉండదు. విమానంలో పొడిగాలి, హోటల్లో ఏసీ, అర్ధరాత్రి దాటేదాకా సాంస్కృతిక కార్యక్రమాలు. పొద్దున ఏడింటికి పెట్టుకున్న లెన్సు రాత్రి ఒంటిగంటకీ కంట్లోనే ఉంటుంది. కన్ను ఊరుకుంటుందా?

నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా చెప్పేది, "ఇసుక పడ్డట్టు గరగరలాడుతోందండీ" అని. నేను ముందు అడిగేది, "లెన్సు తీస్తే తగ్గుతోందా?" అని. తీయగానే హాయిగా ఉంటే చాలావరకు కన్ను పొడిబారడమో, లెన్సు మీద పేరుకున్న మడ్డో కారణం. కంప్యూటరు ముందు కూర్చుంటే మనం రెప్ప వెయ్యడం బాగా తగ్గిపోతుంది. మన సాఫ్ట్‌వేర్ సోదరులకి వేరే చెప్పాలా? ఎలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలూ కంటి తడిని తగ్గిస్తాయి. లెన్సుల మీద వాడదగిన చుక్కల మందు ఏదో మీ డాక్టరుని అడగండి. ఎరుపు పోగొట్టే చుక్కలు వేసుకుని సరిపెట్టుకోకండి, అవి జబ్బుని కప్పిపెడతాయంతే.

పెట్టగానే గుచ్చుకుంటే లెన్సు తిరగబడిందేమో చూడండి. వేలి మీద పెడితే అంచులు గిన్నెలా నిలబడాలి, పళ్ళెంలా బయటికి వాలకూడదు. చిరిగిందా, పారెయ్యండి. నాట్యానికి ముస్తాబయ్యే పిల్లలకి ముందు లెన్సు, తర్వాత కాటుక. రాత్రి ముందు లెన్సు తీసి, తర్వాతే మేకప్ కడగాలి.

నాకు కోపం తెప్పించేది నీళ్ళ వ్యవహారం. లెన్సు జారి పడితే కుళాయి నీళ్ళతో కడిగేవాళ్ళు, నోట్లో తడిపి పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు! కుళాయి నీళ్ళలో, ఈతకొలనులో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరలో చేరితే నెలల తరబడి వైద్యం, ఒక్కోసారి చూపే పోతుంది. స్నానానికీ, ఈతకీ ముందు లెన్సులు తీసెయ్యండి. కేసులో పాత ద్రావణం మీద కొత్తది పొయ్యకండి. నిన్నటి చారులో ఇవాళ నీళ్ళు కలపడం కాదిది. కేసుని మూడు నెలలకొకసారి మార్చండి.

లెన్సులతో నిద్రపోతే కంటి ఇన్ఫెక్షను ప్రమాదం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. ఆ పొరకి ఆక్సిజన్ అందేది ప్రధానంగా గాలి నుంచే. రెప్ప మూసి, కింద లెన్సు కూడా ఉంచితే ఎలా అందుతుంది? అందుకని ఇవాళ రాత్రి కార్యక్రమానికి కళ్ళజోడు జేబులో వేసుకు రండి. ఫోటోల్లో బాగుండదని మా ఆవిడలా వాదించకండి.

లెన్సు తీసినా నొప్పి, ఎరుపు తగ్గకపోయినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంటికి వెళ్ళాక చూద్దాంలే అనుకోకండి. ఆ లెన్సుని, కేసునీ పారెయ్యకుండా వెంట తీసుకెళ్ళండి. ఏ సూక్ష్మజీవో పట్టుకోవడానికి అవి పనికొస్తాయి.